ఎఫ్‌డీఆర్ కేస్ స్టడీ: తూర్పు యూపీలో పాత తారు రోడ్డునే కొత్త బేస్‌గా మార్చిన పని

ఉత్తరప్రదేశ్‌లో పీఎంజీఎస్‌వై-3 (ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మూడో దశ) కింద ఎఫ్‌డీఆర్, అంటే ఫుల్ డెప్త్ రిక్లమేషన్, పాత రోడ్డుని మెషిన్‌తో పూర్తి లోతు పొడి చేసి సిమెంట్ కలిపి అక్కడే కొత్త బేస్‌గా మార్చే పద్ధతి, పెద్ద ఎత్తున చేశారు, అందులో ఒక ప్యాకేజీకి నేను క్వాలిటీ కంట్రోల్ చూశాను. ఇప్పుడు మన వైపు ఆర్ అండ్ బీలో, పంచాయతీరాజ్‌లో కూడా ఈ మాట వినిపిస్తోంది, దాంతో తెలిసిన కుర్రాళ్లు ఫోన్ చేసి "అన్నా, ఆ మెషిన్ ఎంత లోతు కొడుతుంది, రోజుకి ఎంత దూరం లాగొచ్చు" అని అడుగుతున్నారు. అందరూ మెషిన్ గురించే అడుగుతున్నారు, పాత రోడ్డు కింద ఏముందో ఎలా తెలుసుకున్నారు అని మాత్రం ఎవరూ అడగట్లేదు. నన్నడిగితే పనిలో ముప్పావు వంతు అదే, అందుకే ఒక రోడ్డు తీసుకుని మొదటి నుంచి రాస్తున్నా.

రోడ్డు సంగతి

ఘాఘ్రా నది పక్కనున్న జిల్లా, చెరకు, వరి, గోధుమ పండే చదును నేల. బ్లాక్ హెడ్‌క్వార్టర్ నుంచి షుగర్ మిల్లు వైపు పోయే సింగిల్ లేన్ రోడ్డు, వెడల్పు 3.75 మీటర్లు, దాన్ని 5.5 మీటర్లకి పెంచాలి. పీఎంజీఎస్‌వై-3కి కేంద్రం 2019లో ఓకే చెప్పింది, దేశం మొత్తం మీద 1,25,000 కిలోమీటర్ల అప్‌గ్రేడేషన్ టార్గెట్, ఊళ్ల నుంచి మార్కెట్లకి, హైస్కూళ్లకి, ఆసుపత్రులకి పోయే మెయిన్ రోడ్లు తీసుకోవాలని దాని ఉద్దేశం. ఈ రోడ్డు సరిగ్గా ఆ టైపే, సీజన్‌లో చెరకు ట్రాలీలు వరుసగా పోతూనే ఉంటాయి.

మామూలు పద్ధతిలో అయితే పాత రోడ్డు మీదే కంకర పోసి, వెట్ మిక్స్ (నీళ్లతో కలిపిన కంకర) వేసి, పైన తారు వేసేస్తారు. కానీ ఆ నేలలో రాయి దొరకదు. ఎంత లోతు తవ్వినా గంగా మైదానం ఒండ్రు మట్టే, కంకర కావాలంటే సోన్‌భద్ర వైపు డాలా నుంచో, మహోబా దగ్గర కబ్రయీ నుంచో రావాలి. వందల కిలోమీటర్ల లీడ్, అంటే రవాణా దూరం. క్రషర్ దగ్గర కంకరకి ఇచ్చే రేటు కంటే లారీ కిరాయే ఎక్కువ పడుతుంది. అంత దూరం నుంచి ఇరవై ఏళ్ల కింద ఒకసారి తెచ్చి పోసిన రాయి ఇప్పటికే రోడ్డులో ఉంది, దాన్ని అలాగే కింద కప్పెట్టి మళ్లీ అంతే రాయి తేవడం అన్యాయం అనిపిస్తుంది నాకు.

చిన్న లెక్క చూడండి. 5.5 మీటర్ల వెడల్పులో 225 మిల్లీమీటర్ల వెట్ మిక్స్ వేయాలంటే మీటరుకి 1.24 ఘనపు మీటర్లు, కిలోమీటరుకి 1,240 దాకా, అదీ కాంపాక్ట్ అయిన వాల్యూమ్, లూజ్‌లో లారీ లెక్క ఇంకా పెరుగుతుంది. అదే పాత రోడ్డులో 3.75 మీటర్ల వెడల్పున సగటున 250 మిల్లీమీటర్ల క్రస్ట్ (రోడ్డు పొరలన్నీ కలిపి) ఉందనుకుంటే మీటరుకి 0.94 ఘనపు మీటర్ల మెటీరియల్ అక్కడే ఉన్నట్టు. కొత్త బేస్ 220 మిల్లీమీటర్లు అనుకుంటే 5.5 వెడల్పుకి 1.21 కావాలి. తక్కువ పడేది మీటరుకి 0.27, అంటే కిలోమీటరుకి 270 ఘనపు మీటర్లు. 1,240 తెచ్చే చోట 270 తెస్తే సరిపోతుంది. డెన్సిటీ తేడాలు వేస్తే లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ ఎఫ్‌డీఆర్ ఎందుకు అనేదానికి ఇదే జవాబు.

గుంతలు తవ్వితే బయటపడింది

డీపీఆర్‌లో (ప్రాజెక్టు రిపోర్టులో) పాత క్రస్ట్ అంటే రోడ్డు మొత్తానికీ ఒకే బొమ్మ ఉంటుంది: పైన 20 మిల్లీమీటర్ల ప్రీమిక్స్ కార్పెట్, దాని కింద గ్రేడ్-3, గ్రేడ్-2 వాటర్ బౌండ్ మెకాడం (నీళ్లు, రాతిపొడితో బిగించిన కంకర పొర) 75 చొప్పున, అడుగున సబ్ బేస్. పుట్టినప్పుడు అలాగే పుట్టి ఉండొచ్చు, కానీ ఇరవై ఏళ్లలో ఆ రోడ్డు మీద ఎవరెవరు ఏమేం చేశారో కాగితాల్లో ఉండదు కదా. అందుకే మీటరు పొడవు మీటరు వెడల్పు గుంతలు, ఒకటి ఎడమ అంచున, తర్వాతది మధ్యలో, ఆ తర్వాతది కుడి అంచున, అలా మార్చుకుంటూ సబ్‌గ్రేడ్, అంటే అడుగు మట్టి, తగిలేదాకా తీయించాం.

మొదటి రెండు కిలోమీటర్లు దాదాపు డీపీఆర్‌లో ఉన్నట్టే ఉంది. తర్వాత ఒక ఊరు దాటాక గుంతలో రాయి కింద ఎర్రగా ఇటుకలు కనపడ్డాయి. అక్కడ దాన్ని ఖడంజా అంటారు, ఊళ్లలో దారులకి ఇటుకలు నిలబెట్టి పరిచే పద్ధతి. రాయి లేని చోట అదే రోడ్డు. ఆ ఖడంజా మీదే తర్వాత ఎప్పుడో మెటల్ వేసి తారు పోశారు, సబ్ బేస్ అన్నదే లేదు. చివరి భాగంలో ఇంకో రకం, కల్వర్టు దగ్గర వరదకి కోసుకుపోయినప్పుడల్లా ఇటుక ముక్కలు, మట్టి, దొరికిందల్లా పోసి పైన ప్యాచ్ మీద ప్యాచ్ వేశారు, ఒక చోట తారు పొరలే జానెడు మందం వచ్చాయి, ఇరవై అడుగులు జరిగితే తారు అసలు లేదు.

అంటే మనం ఒక రోడ్డు అనుకుంటున్నది నిజానికి మూడు వేర్వేరు క్వారీలు. ఒకే మిక్స్ డిజైన్‌తో మూడిట్లోనూ వేస్తే ల్యాబ్ రిపోర్టు ఒకటి, రోడ్డు ఇంకొకటి.

ఇటుక గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఈ కేసులో మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది అదే. మంచి ఇటుకకి కూడా ఐఎస్ కోడ్ 20 శాతం దాకా నీటి పీల్పు ఒప్పుకుంటుంది. గట్టి రాయి కంకర ఒకటి రెండు శాతం దాటదు. రిక్లైమర్ (రోడ్డుని పొడి చేసే మెషిన్) డ్రమ్ము పళ్ల కింద ఇటుక పడితే సగం ముక్కలవుతుంది, సగం పొడి అవుతుంది, ఆ పొడి, ఆ ముక్కలు కలిపిన నీళ్లని నిదానంగా లాగేస్తూ ఉంటాయి. ల్యాబ్‌లో కలిపిన వెంటనే ప్రాక్టర్ టెస్టు కొడితే ఆప్టిమమ్ తేమ (మెటీరియల్ బాగా బిగిసే నీటి శాతం) ఒకటి వస్తుంది, అదే శాంపిల్‌ని ముందు తడిపి ఒక రాత్రి ఉంచి కొడితే ఇంకొకటి వస్తుంది. సైట్‌లో మొదటి నంబరు పట్టుకుని నీళ్లు కలిపితే రోలర్ వచ్చేసరికి మెటీరియల్ ఎండిపోయి ఉంటుంది, అందుకే ఆ భాగంలో ముందు రోజు సాయంత్రమే డ్రైగా ఒక పాస్ కొట్టి, ట్యాంకర్‌తో తడిపి, తేలిగ్గా ఒత్తి వదిలేసి పొద్దున సిమెంట్ పాస్ మొదలుపెట్టేవాళ్లం. రెండు పాసులంటే డీజిల్ ఖర్చు, కాంట్రాక్టర్ వైపు నుంచి గొడవ సహజం, కానీ ఇటుక ఉన్న చోట ఇది తప్పదు.

శాంపిల్ తీసే పద్ధతి కూడా ముఖ్యం. గునపంతో తవ్విన మెటీరియల్‌ని జల్లెడ పడితే ఒక గ్రేడేషన్ (ఏ సైజు ముక్కలు ఎంత శాతం) వస్తుంది, మెషిన్ కొట్టినది పూర్తిగా వేరేగా ఉంటుంది, ఎందుకంటే డ్రమ్ము రాయిని, ఇటుకని పగలగొడుతుంది. అందుకే ఒక్కో భాగంలో కొంత పొడవు సిమెంట్ లేకుండా మెషిన్ నడిపి దాన్నుంచే మిక్స్ డిజైన్ శాంపిల్ తీశాం. 53 మిల్లీమీటర్ల జల్లెడలో మొత్తం దిగాలి, 75 మైక్రాన్ కింద 10 శాతం దాటకూడదు, మోర్త్ (కేంద్ర రోడ్డు రవాణా శాఖ) స్పెసిఫికేషన్ 400-4 టేబుల్ అది. చివరి భాగంలో మందం తారు ప్యాచ్‌లు మధ్యాహ్నం ఎండకి మెత్తబడి పెచ్చులు పెచ్చులుగా లేచాయి, మెషిన్ స్పీడు తగ్గించి, వెనక డోరు మూసి డ్రమ్ములో ఎక్కువసేపు తిప్పితే గానీ సైజుకి రాలేదు. అదే చోట పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొడితే సులువుగా విరిగింది, ఆ తర్వాత ఆ ప్యాచ్‌లు ఎప్పుడూ పొద్దున్నే పెట్టుకున్నాం.

సిమెంట్ ఎంత?

ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) 37-2018లో సిమెంట్ ట్రీటెడ్ బేస్‌కి 7 రోజుల యూసీఎస్, అంటే నొక్కుడుకి తట్టుకునే బలం, 4.5 నుంచి 7 ఎంపీఏ మధ్య ఉండాలి. కింద పరిమితి అందరికీ గుర్తుంటుంది, పై పరిమితి ఎవరికీ గుర్తుండదు. సైట్‌లో ఎప్పుడూ వినే మాట "6 శాతం వేసేద్దాం సార్, ఫెయిల్ అయ్యే గొడవే ఉండదు." క్యూబు ఫెయిల్ అవదు, నిజమే. కానీ సిమెంట్ పెరిగేకొద్దీ బేస్ కుంచించుకుని అడ్డంగా పగుళ్లు ఇస్తుంది, ఆ పగులు కొన్నాళ్లకి తారులోంచి పైకి వస్తుంది, దాంట్లోంచి నీళ్లు దిగుతాయి. మొదటి భాగంలో 5 శాతంతోనే యూసీఎస్ హాయిగా వచ్చింది. ఇటుక ఉన్న భాగంలో 6 దాకా పోవాల్సి వచ్చింది, అక్కడ కూడా పొడి ఎక్కువైనప్పుడు కాస్త కొత్త కంకర కలిపి గ్రేడేషన్ సరిచేశాకే సిమెంట్ సంగతి చూశాం. గ్రేడేషన్ బాగోలేనిదాన్ని సిమెంట్‌తో కప్పిపుచ్చడం నాకు ఇష్టం లేదు.

యూసీఎస్ ఒక్కటే చూడకూడదు. 12 సార్లు తడిపి ఆరబెట్టి వైరు బ్రష్‌తో రుద్దే డ్యూరబిలిటీ టెస్టు ఉంది, బరువు నష్టం 14 శాతం లోపు ఉండాలి. దీనికి దాదాపు నెల పడుతుంది కాబట్టి చాలా చోట్ల ఊరికే కాగితం మీద నడిపిస్తారు. ఇటుక కలిసిన మెటీరియల్‌కి మాత్రం ఇది నిజంగా చేసి తీరాలి, యూసీఎస్ పాసైన శాంపిల్ బ్రష్ కింద అంచులు రాలడం నేను కళ్లారా చూశాను. వానాకాలంలో నెలలకి నెలలు పక్కన నీళ్లు నిలిచే రోడ్డుకి ఈ టెస్టు చెప్పేదే అసలు మాట.

అడిటివ్‌ల గురించి కూడా అడుగుతారు. సిమెంట్‌తో పాటు కమర్షియల్ స్టెబిలైజర్లు వాడతారు, ఐఆర్‌సీ ఎస్‌పీ 89 రెండో భాగం వాటి గురించే. నా పద్ధతి సింపుల్, అదే మెటీరియల్, అదే సిమెంట్, అడిటివ్‌తో ఒక సెట్టు, లేకుండా ఒక సెట్టు వేసి చూడటం. తేడా కనపడితే వాడాలి, కనపడకపోతే ఆ డబ్బు కంకరకి పెట్టుకోవాలి.

వెడల్పు చేసే చోటే అసలు పరీక్ష

3.75 నుంచి 5.5 అంటే రెండు వైపులా ముప్పావు మీటరు పైగా బెర్ములోకి, అంటే రోడ్డు పక్క మట్టి అంచులోకి, పోవాలి. పాత రోడ్డు కింద మట్టి ఇరవై ఏళ్లు బండ్లు తిరిగి గట్టిపడింది, బెర్ము కింద మట్టి నిన్నటి దాకా గడ్డి మొలిచిన మట్టి. ఈ రెండిటి మీదా ఒకే సిమెంట్ బేస్ పరిస్తే, పక్క భాగం కాస్త దిగగానే సరిగ్గా పాత అంచు లైన్లో నిలువు పగులు వస్తుంది. ఎఫ్‌డీఆర్ రోడ్లలో నేను చూసిన పగుళ్లలో ఎక్కువ ఇవే, బేస్ మిక్స్ తప్పు దాదాపు ఉండదు.

మేం బెర్ము తవ్వి, మెత్తటి మట్టి తీసేసి, పొరలు పొరలుగా తడిపి రోలింగ్ చేసి, డెన్సిటీ వచ్చాకే పాత క్రస్ట్ మెటీరియల్‌ని గ్రేడర్‌తో పక్కకి పరిచాం. అసలు ఇబ్బంది చోటులో ఉంది, ముప్పావు మీటరు సందులో పెద్ద రోలర్ దిగదు. చిన్న రోలర్‌తో పని నిదానం. ఆ నిదానాన్ని తప్పించుకోవడానికి కొందరు ఇంకాస్త వెడల్పు తవ్వి పెద్ద రోలర్ దింపుతారు, పొలం గట్టు అడ్డం రాకపోతే అదీ మంచి పనే. ఒక చోట రోడ్డుని ఆనుకుని చెరువు ఉంది, అక్కడ కట్ట వైపు మట్టి ఎంత తొక్కినా స్పాంజిలా ఊగింది, ఇటుక ముక్కలు వేసి, అంచుకి సపోర్టు కట్టాకే ముందుకెళ్లాం.

సిమెంట్ పాస్ రోజు

పొద్దున స్ప్రెడర్ బండి సిమెంట్ పరుస్తుంది. బండి స్క్రీన్ మీద చూపించే నంబరు నమ్మి ఊరుకోకూడదు. చదరపు మీటరు గుడ్డ ఒకటి రోడ్డు మీద పరిచి, బండి దాని మీదుగా పోయాక నాలుగు మూలలూ ఎత్తి కాటా వేస్తాం. 220 మిల్లీమీటర్ల లోతు, డ్రై డెన్సిటీ 2.0 అంటే చదరపు మీటరుకి 440 కిలోల మెటీరియల్, 5 శాతం అంటే 22 కిలోల సిమెంట్ గుడ్డలో ఉండాలి. ఇటుక భాగంలో డెన్సిటీ తక్కువ, 1.85 వేసుకుంటే 407 కిలోలు, 6 శాతానికి 24 కిలోల పైచిలుకు. ఈ రెండు నంబర్లు ల్యాబ్ కుర్రాడి చేతి మీద పెన్నుతో రాసి ఉండేవి.

తర్వాత రిక్లైమర్. డ్రమ్ము వెడల్పు 2.4 మీటర్లు, 5.5కి మూడు పాసులు. మూడు పాసులంటే ఓవర్‌ల్యాప్ బాగానే పడుతుంది, అక్కడ నీళ్ల నాజిల్స్ ఆపకపోతే డబుల్ నీళ్లు పడి ఆ పట్టీ ఊగుతుంది. మంచి ఆపరేటర్ అంటే ఇదే నా కొలత, ఓవర్‌ల్యాప్‌లో చెప్పకుండానే నాజిల్స్ కట్టేసేవాడు.

లోతు చూడటానికి నాకు బాగా నచ్చిన టెస్టు ఫినాల్ఫ్తలీన్. పాస్ అయిన వెంటనే చిన్న గుంత తీసి, దాని గోడ మీద ఆ ద్రావణం స్ప్రే చేస్తే సిమెంట్ కలిసినంత మేర గులాబీ రంగు తిరుగుతుంది, కలవని చోట మట్టి రంగే ఉంటుంది. టేపు పెట్టి కొలవడమే. అడుగున రంగు తిరగని రెండు వేళ్ల మందం కనపడితే డ్రమ్ము పైకి లేచిందని అర్థం, అక్కడే ఆపి మళ్లీ కొట్టించొచ్చు, రోలింగ్ అయిపోయాక తెలిస్తే లాభం లేదు. చూడటానికి వచ్చిన ఊరి ప్రధాన్ (సర్పంచ్) గారికి కూడా ఇదే చూపించాను, "ఇంజినీర్ సాబ్, ఇంత కిందదాకా సిమెంట్ ఉందా" అని ఆయనే వేలు పెట్టి చూసుకున్నారు. ఆ తర్వాత క్యూరింగ్ టైమ్‌లో ట్రాక్టర్లు ఆపడానికి ఆయన చేసిన సాయం చిన్నది కాదు.

కలిపిన దగ్గర్నుంచి రెండు గంటల్లో రోలింగ్ ముగియాలి. ముందు ప్యాడ్‌ఫుట్ రోలర్ అడుగు దాకా ఒత్తుతూ క్రమంగా పైకి తేలుతుంది, గ్రేడర్ లెవెల్, క్యాంబర్ (పక్క వాలు) కోస్తుంది, తర్వాత స్మూత్ డ్రమ్ము, చివర్లో టైరు రోలర్. ఇక్కడ ఫోన్ చేసే కుర్రాళ్ల ప్రశ్నకి జవాబు, రిక్లైమర్ రోజుకి ఎంతైనా కొడుతుంది, ఒక్క ప్యానెల్ (ఒక విడతలో చేసే ముక్క) ఎంత పొడవు పెట్టుకోవాలి అనేది గ్రేడర్, రోలర్లు రెండు గంటల్లో ఎంత మూయగలవో దాన్ని బట్టే తేల్చాలి. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ లూ అనే వేడి పడమటి గాలి కొడుతుంది, పది నిమిషాల్లో పైపొర తేమ ఎగిరిపోతుంది, సిమెంట్ కూడా లేచి పక్క పొలాల మీద పడుతుంది. ఆ నెలల్లో తెల్లవారుజామున మొదలుపెట్టి గాలి లేవకముందే ముగించడం తప్ప వేరే దారి లేదు.

డెన్సిటీ సాండ్ రీప్లేస్‌మెంట్‌తో (గుంత తీసి ఇసుకతో నింపి కొలిచే పద్ధతి) చూశాం, ల్యాబ్‌లో వచ్చిన గరిష్ఠ డెన్సిటీలో 98 శాతం కావాలి. మధ్యలో ఎప్పుడూ వచ్చేది, అంచుల్లోనే తగ్గేది, ఎందుకంటే రోలర్ ఆపరేటర్ సహజంగానే అంచుకి అడుగు దూరంలో ఉంటాడు, అంచు జారుతుందని భయం. బెర్ము మట్టిని ముందే అంచు దాకా నింపి పెడితే ఆ భయం పోయింది, డెన్సిటీ వచ్చింది.

ఏడు రోజులు

క్యూరింగ్ ఏడు రోజులు, తడి ఆరకూడదు, బండి తిరగకూడదు. చెప్పడం తేలిక, చెరకు సీజన్‌లో మిల్లు స్లిప్పు చేతిలో ఉన్న రైతుని ఆపడం చాలా కష్టం, ఆ రోజు పోకపోతే అతని చెరకు ఎండి బరువు పోతుంది. అతనిది తప్పని నేననను. అందుకే ప్యానెల్ వేయకముందే పక్క దారి చూపించాలి, ఆ దారి ట్రాలీ పోయేంత గట్టిగా ఉండాలి, దానికి పెట్టే ఖర్చు కూడా క్యూరింగ్ ఖర్చే. ఊరి లోపల భాగాన్ని ఎఫ్‌డీఆర్‌లో పెట్టలేదు, ఇళ్ల నీళ్లు రోడ్డు మీదకే వస్తాయి కాబట్టి అక్కడ సీసీ రోడ్డే, పైగా మెషిన్ పోయే దారిలో మంచినీళ్ల పైపులు ఎంత లోతులో ఉన్నాయో ఇంటింటికీ అడిగి తెలుసుకోవాల్సి వస్తుంది.

క్యూరింగ్ అయ్యాక పగుళ్లు పైకి రాకుండా సామీ పొర, అంటే రబ్బరు లాంటి మాడిఫైడ్ తారు కొట్టి పైన సన్నకంకర, దాని మీద 30 మిల్లీమీటర్ల బిటుమినస్ కాంక్రీట్. మొత్తం అంతే, రోడ్డు లెవెల్ పెద్దగా పెరగలేదు. ఓవర్‌లే మీద ఓవర్‌లే వేసి రోడ్డు ఎత్తయిపోయి ఇళ్లు గుంతలో పడిన ఊళ్లు మనకీ తెలుసు కదా, ఎఫ్‌డీఆర్‌లో జనానికి నేరుగా కనపడే లాభం ఇదే.

బేస్‌లోంచి కోర్లు (గుండ్రంగా కోసిన నమూనాలు) తీస్తే మొదటి భాగంలో పూర్తి ముక్కలుగా వచ్చాయి. ఇటుక భాగంలో ఒకటి రెండు చోట్ల అడుగు భాగం విరిగి వచ్చింది, అక్కడ తేమ రికార్డు చూస్తే ముందు రోజు తడపని ప్యానెల్సే అవి. వానాకాలం తర్వాత నడిచి చూస్తే అడ్డ పగుళ్లు సన్నగా, దూరం దూరంగా ఉన్నాయి, సామీ తన పని చేస్తోంది. చెరువు పక్కన మాత్రం పాత అంచు లైన్లో కొంత పొడవు నిలువు పగులు వచ్చింది, వెంటనే సీల్ చేయించి కట్ట వైపు అంచుకి ఇంకా రాయి కట్టించారు.

మన నేలకి తెస్తే

యూపీ డిజైన్ తెచ్చి మన దగ్గర పెడితే నడవదు. డెల్టాలో, తెలంగాణ పడమటి వైపు నల్లరేగడి కింద ఉంటే ఎండాకాలం చీలి వానకి ఉబ్బే మట్టి మీద గట్టి సిమెంట్ పలక పెట్టినట్టు అవుతుంది, ముందు సబ్‌గ్రేడ్‌ని సున్నంతో సరిచేయాలి. క్వారీ పక్కనే ఉన్న చోట లీడ్ లెక్క మారిపోతుంది, అక్కడ ఎఫ్‌డీఆర్ లాభమా కాదా అనేది కాగితం మీద వేసి చూసుకోవాలి. మన స్టేట్ హైవేల మీద తారు పొరలు బాగా మందం, అలాంటి చోట సిమెంట్ ఎక్కువ పెట్టే బదులు ఫోమ్డ్ బిటుమెన్ (నురగలా చేసిన తారు), ఎమల్షన్ (నీళ్లలో కలిపిన తారు) దారి చూడాలి, దానికి ఐఆర్‌సీ 37లో 800 ఎంపీఏ మాడ్యులస్ (పొర గట్టిదనం లెక్క) తీసుకోమన్నారు, బలం యూసీఎస్‌తో కాదు, ఐటీఎస్‌తో (చీలకుండా తట్టుకునే బలం) కొలుస్తారు, ఐఆర్‌సీ 120-2015 రీసైక్లింగ్ మీదే ఉంది, ఎస్టిమేట్ వేసేవాళ్లు చదివి పెట్టుకోండి.

ఇంకొకటి, టెస్ట్ పిట్లు, డ్రై ట్రయల్ పాస్, భాగానికో మిక్స్ డిజైన్, పక్క దారి, వీటిని బీఓక్యూలో (టెండర్ పనుల పట్టికలో) విడి ఐటమ్స్‌గా రేటుతో పెట్టించండి. రేటు లేని ఐటమ్‌ని సైట్‌లో ఎవరూ చేయరు, చేయమని రోజూ గొడవపడే ఓపిక ఏ క్యూసీ ఇంజినీర్‌కీ ఉండదు. గుంతల లాగ్ షీట్‌లో ప్రతి పొర మందం, రాయా ఇటుకా, తేమ, ఫోటో, చైనేజీ (రోడ్డు మొదటి నుంచి ఎంత దూరంలో) రాసి టెండర్ కాగితాలతోనే ఇచ్చేస్తే బిడ్డర్‌కి కూడా తనకి ఏం దొరుకుతుందో ముందే తెలుస్తుంది.